కోర్టు నకలు సంపాదించడం ఎట్లా?



విత్తనాల గురించీ ఎరువుల గురించీ చెప్పవలసిన విస్తరణాధికారి ఈ పూట కోర్టు కాగితాల సంగతి ఎత్తుకున్నాడేమిటా అని మీకు అనిపించవచ్చు. నేను వకీలును కాను. వ్యవసాయ డిప్లొమా చదివి, పొలం గట్లమీద తిరిగేవాణ్ణి. అయితే ఆ గట్లమీదనే ఈ విషయం నాకు ఎదురయింది. ఎట్లా ఎదురయిందో ముందు చెబుతాను.

నారుమళ్ళు పోసే రోజులు. కృష్ణా డెల్టాలో ఒక పెద్ద రైతు నన్ను ఆపి, "బాబూ, నీవు చెప్పిన విత్తనమే తెచ్చాను. మడికి నీళ్ళు లేవు. పై పొలంవాడు బోదె పూడ్చేశాడు" అన్నాడు.

"ఆ బోదెమీద మీకు హక్కు వున్నదా, బాబాయిగారూ?" అని అడిగాను.

"లేకేం? మా నాయన కోర్టుకు వెళ్ళి గెలిచాడు. ఇప్పుడు పూడ్చినవాడి తండ్రిమీదే గెలిచాడు."

"మరి డిక్రీ ఏది?"

"అటకమీద పెట్టెలో పెట్టాం. చెదలు తినేసినై."

ఆ కాగితంతోపాటు హక్కు కూడా పోయిందనే ఆయన బెంగ. కొత్తగా దావా వెయ్యాలేమో, ఈలోగా నారు అదను దాటిపోతుందేమో అని భయపడుతున్నాడు. నేను ఆయనతో అన్నది ఒకటే మాట: "చెదలు తిన్నది మీ ఇంట్లో వున్న నకలు. అసలు తీర్పు కోర్టులో వుంటుంది. మరొక నకలు అడిగి తెచ్చుకుందాం."

ఆ నకలు ఎట్లా తెచ్చుకోవాలో మీరూ తెలుసుకొని వుండటం మంచిది.

ముందు ఏ కోర్టో తెలుసుకోవాలి

భూమి తగాదా దావాను ఆ భూమి వున్న ప్రాంతంమీద అధికారం గల కోర్టులోనే వెయ్యాలి. కనుక వెతుకులాట మీ ఊరినుంచే మొదలుపెట్టండి. ఆస్తి విలువనుబట్టి దావా చిన్న కోర్టులోనో పెద్ద కోర్టులోనో పడుతుంది. పెద్దలు "మునసబు కోర్టు" అంటే అది ఈనాటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అనుకోండి. "సబ్ కోర్టు" అంటే సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. పేర్లు మారినా పాత కట్టలు కొత్త పేరు కింద వుంటవి.

జిల్లాలు మారిన సంగతి కూడా మరువకండి. తెలంగాణలో 2016లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను కొత్త జిల్లాలు యేర్పడినవి. మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో వున్నా, దావా నడచిన రోజుల్లో ఏ ఊరి కోర్టు కింద వున్నదో అక్కడ ముందు విచారించాలి. కాగితాలు వేరేచోటికి పంపితే అక్కడివారే చెబుతారు.

ఇంకొక సంగతి. తహసీల్దారు, ఆర్డీఓ ఇచ్చిన ఉత్తర్వులు సివిలు కోర్టులో దొరకవు. వాటి నకళ్ళు ఆ కార్యాలయాల్లోనే అడగాలి.

తరువాత నంబరు పట్టుకోవాలి

కోర్టులో వేల కట్టలుంటవి. నంబరు చెబితే కట్ట దొరుకుతుంది. సివిలు దావాకు ఓ.యస్. నంబరు, అప్పీలుకు ఏ.యస్. నంబరు, డిక్రీ అమలు దరఖాస్తుకు ఇ.పి. నంబరు, మధ్యలో వేసిన దరఖాస్తులకు ఐ.ఏ. నంబరు వుంటుంది. నంబరు పక్కన ఒక సంవత్సరం వుంటుంది. అది దావా వేసిన సంవత్సరమే గాని తీర్పు వచ్చిన సంవత్సరం కాదు. చాలామంది ఇక్కడే పొరపడతారు.

మా పెద్దాయన సంగతీ అంతే. తీర్పు 1981లో వచ్చిందని ఆయనకు జ్ఞాపకం. ఆ యేటి లెక్కలో ఎంత చూచినా పేరు కనబడలేదు. "దావా వేసింది ఎప్పుడు, బాబాయిగారూ?" అంటే, "దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి యేడు" అన్నాడు. ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. కనుక 1978 రిజిస్టరు చూడమని దరఖాస్తులో వ్రాసుకున్నాం. తండ్రి పేరుతో దావా అందులో దొరికింది.

నంబరు తెలియకపోతే ఈ చోట్ల చూడండి: కోర్టునుంచి వచ్చిన పాత సమన్లు, నోటీసులు, వకీలు ఇచ్చిన రసీదులు, ఆ వకీలుగారి గుమాస్తా, అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకులోనో సంఘంలోనో దాఖలు చేసిన కాగితాలు, ఆ భూమికి తరువాత వ్రాసుకున్న దస్తావేజులు. పంపకాల దస్తావేజులో ఫలానా డిక్రీ ప్రకారం అని వ్రాయడం మామూలే. అప్పీలు జరిగి వుంటే అప్పీలు తీర్పులో కింది కోర్టు నంబరు తప్పక వుంటుంది.

ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ వెతకవచ్చు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులోగాని, ఫోనులో దాని యాప్‌లోగాని జిల్లా, కోర్టు యెంచుకొని, వాది పేరో ప్రతివాది పేరో, సంవత్సరం ఇస్తే కేసు వివరం వస్తుంది. ప్రతి కేసుకు సి.ఎన్.ఆర్. అని 16 అక్షరాల, అంకెల గుర్తు వుంటుంది. అది వ్రాసిపెట్టుకుంటే మళ్ళీ వెతకనక్కరలేదు. పేర్లు ఇంగ్లీషులో వుంటవి గనుక ఒకే పేరును రెండు మూడు రకాలుగా వ్రాసి చూడాలి. నడుస్తున్న కేసులే గాక, ముగిసిన కేసులు కూడా చూపమని గుర్తు పెట్టాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఈ పని వారికి చిటికెలో పని. బాగా పాత కేసులు అక్కడ దొరకకపోతే అవి లేవనుకోవద్దు. కోర్టులోని రిజిస్టర్లు చూపించుకోవాలి.

ఏమేమి అడగాలి?

కోర్టుకు వెళ్ళి "మా కేసు కాగితాలు ఇవ్వండి" అంటే పని జరగదు. ఏ కాగితం కావాలో పేరు పెట్టి వ్రాయాలి.

తీర్పు వేరు, డిక్రీ వేరు. ఎవరి మాట ఎందుకు నిలిచిందో కారణాలతో చెప్పేది తీర్పు. చివరకు ఎవరికి ఏమి దక్కిందో, ఎవరు ఏమి చేయాలో, చేయకూడదో తేల్చి వ్రాసేది డిక్రీ. రెండూ అడగండి. భూమి తగాదాలయితే ఆస్తి షెడ్యూలు వున్నదో లేదో చూచుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు అందులో వుంటవి. కోర్టు పంపిన అడ్వకేటు కమిషనరు పొలానికి వచ్చి కొలిచి వుంటే, ఆయన నివేదిక, పటం కూడా అడగండి. బోదె ఎటునుంచి ఎటు పోతున్నదో, బాట వెడల్పు ఎంతో ఆ పటమే చెబుతుంది.

అన్ని కాగితాలనూ కోర్టువారు ఒకే కాలం దాచరు. తీర్పు, డిక్రీ చాలాకాలం వుంటవి. మిగిలిన వాటిలో కొన్నిటిని గడువు తీరినాక తీసివేస్తారు. కనుక కమిషనరు పటంవంటివి కేసు ముగిసిన వెంటనే తెచ్చుకోవడం మంచిది. కేసులో దాఖలు చేసిన మీ అసలు దస్తావేజులు, పట్టాలు కూడా కోర్టులోనే వుండిపోయి వుంటవి. అప్పీలు గడువు దాటినాక, అప్పీలు వేసివుంటే అది తేలినాక, వాటిని వాపసు ఇమ్మని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది చాలామంది మరచిపోతారు. తరువాత అప్పు కోసం బ్యాంకుకు వెళ్ళినప్పుడు చేతులు నలుపుకొంటారు.

దరఖాస్తు పెట్టే తీరు

నకలు దరఖాస్తులో కోర్టు పేరు, కేసు నంబరు, వాది ప్రతివాదుల పేర్లు, తీర్పు తేదీ, కావలసిన కాగితాల పేర్లు వ్రాసి, కోర్టు ఫీ స్టాంపు అంటించి, నకళ్ళ విభాగంలో ఇవ్వాలి. వకీలుద్వారా ఇవ్వవచ్చు, కక్షిదారు తానే ఇవ్వవచ్చు. తండ్రి కేసుకు కొడుకు అడిగేటప్పుడు వారసుడనని చూపే కాగితం జత చేస్తే ఇబ్బంది వుండదు. కేసులో ఏ సంబంధమూ లేనివారు అడిగితే, ఎందుకు కావలసిందీ ప్రమాణపత్రంలో వ్రాసి న్యాయాధికారి అనుమతి పొందాలి. కొన్ని కుటుంబ తగాదాలు, పిల్లలకు సంబంధించిన కేసులు బయటివారికి ఇవ్వరు. అది న్యాయమే.

దరఖాస్తు ఇచ్చి ఇంటికి వెళ్ళి కూర్చోవద్దు. ఎన్ని పేజీలో లెక్కగట్టి, ఇంత రుసుము కట్టవలసిందని నోటీసు బోర్డులో పెడతారు. గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టివేస్తారు. పొలం పనుల్లో పడి ఈ జాబితా చూడక, దరఖాస్తు పోగొట్టుకొని, ఎవరో అన్యాయం చేశారని అనుకొనేవారిని నేను చూశాను. కట్టిన డబ్బుకు రసీదు అడిగి తీసుకోండి.

నకలు చేతికి రాగానే కింద చూడండి. సరియైన నకలని వ్రాసి, తేదీ వేసి, అధికారి సంతకం, హోదా, కోర్టు ముద్ర వుండాలి. అట్టి నకలును సాక్ష్యంగా అంగీకరిస్తారు. వెనుకటి 1872 సాక్ష్య చట్టంలో ఈ నియమం వుండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ వున్నది. ఇంటర్నెట్‌నుంచి తీసిన కాగితం సంగతి తెలుసుకోవడానికి పనికి వస్తుంది గాని, ముద్రపడిన నకలుకు బదులు కాదు.

సమాచార హక్కు చట్టం కింద అడగకూడదా అని కొందరు అడుగుతారు. కోర్టు నిబంధనల్లో నకలు ఇచ్చే దారి వున్నప్పుడు ఆ దారినే అడగాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఆ ప్రయత్నంలో కాలం పోగొట్టుకోవద్దు.

తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో వుంటవి. వాటికి నకలుతోబాటు అనువాదం కూడా చేయించుకోవాలి.

ఆలస్యం అమృతం విషం

ఓడిపోయినవారు జిల్లాలోని పై కోర్టుకు అప్పీలు చేసుకోవడానికి గడువు 30 రోజులు. హైకోర్టుకు అయితే 90 రోజులు. నకలు తయారుకావడానికి పట్టిన రోజులు ఈ గడువులో లెక్కకు రావు. తీర్పు జూన్ 1న వచ్చిందనుకోండి. 30 రోజుల గడువు జూలై 1తో తీరుతుంది. మీరు జూన్ 6న దరఖాస్తు పెట్టి, రుసుము వెంటనే కట్టి, నకలు జూన్ 20న తయారయితే ఆ 15 రోజులు మీకు కలిసివస్తవి. గడువు జూలై 16 వరకు వుంటుంది. కాని రుసుము కట్టడంలో మీరు చేసిన జాప్యం కలిసిరాదు. దరఖాస్తు పెట్టకముందు డిక్రీ తయారీకి కోర్టు తీసుకున్న కాలమూ కలిసిరాదు. అందుచేత తీర్పు వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే దరఖాస్తు పడిపోవాలి. దరఖాస్తు పెట్టిన తేదీ, రుసుము అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమయిన తేదీ నకలుమీదనే వ్రాసి వుంటవి. సరిచూచుకోండి.

గెలిచినవారికీ గడువులున్నవి. మామూలు డిక్రీ అమలుకు 12 సంవత్సరాలు. కట్టిన గోడ తీసివేయాలి, పూడ్చిన కాలువ తెరవాలి అని ఒక పని చేయమనే డిక్రీకి 3 సంవత్సరాలే. ఫలానా పని ఎన్నటికీ చేయకూడదనే శాశ్వత నిషేధపు డిక్రీకి గడువు లేదు. ఆస్తికి సంబంధించిన అట్టి డిక్రీని ఓడినవారి వారసులమీద కూడా అమలు జరపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

భూమి కొనేముందు

దావా నడుస్తుండగా ఆ భూమిని కొన్నవారు, 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఆ దావా తీర్పుకు కట్టుబడవలసిందే. తెలియక కొన్నామంటే చెల్లదు. ఈసీలో రిజిస్టరయిన దస్తావేజులు కనబడతవి గాని నడుస్తున్న ప్రతి దావా కనబడదు. కనుక బయానా ఇచ్చేముందు అమ్మేవారి పేరు, వారి అన్నదమ్ముల పేర్లు, అక్కచెల్లెళ్ళ పేర్లు ఈ-కోర్ట్స్‌లో ఒకసారి వెతకండి. ఊళ్ళో పెద్దలనూ విచారించండి.

గ్రామాల్లో పనిచేసే నా తోటి విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. మనం న్యాయసలహా ఇవ్వకూడదు. కాని కోర్టు పేరు, నంబరు, సంవత్సరం, పేర్లు, తీర్పు తేదీ ఒక చీటీమీద వ్రాసి ఇస్తే రైతుకు రెండు మూడు తిరుగుళ్ళు తప్పుతవి. ఖర్చు భరించలేనివారిని మండల న్యాయసేవాధికార కమిటీకి పంపండి. 15100కు ఫోను చేయమనండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు, తక్కువ ఆదాయం గలవారికి ఉచిత న్యాయసహాయం వున్నది.

ఇంతకూ మా పెద్దాయన సంగతి చెప్పలేదు గదూ? డిక్రీ నకలు వచ్చింది. బోదెకు అడ్డు తగలరాదని శాశ్వత నిషేధం అందులో స్పష్టంగా వున్నది. మళ్ళీ దావా అక్కరలేకపోయింది. ఊరి పెద్దల ఎదుట ఆ కాగితం చదివి వినిపిస్తే, పై పొలం ఆయన కొంతసేపు ఊరుకొని, "మా నాయన ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. మరునాడు ఇద్దరి కూలీలూ కలిసి బోదె తవ్వారు. నారు పది రోజులు ఆలస్యమయింది గాని, నాట్లు పడినై.

పెద్దాయన ఇప్పుడు ఆ నకలును రేకు డబ్బాలో పెట్టాడు. మనమరాలు దానికి ఫోనులో ఫొటో తీసింది. నంబరూ సంవత్సరమూ గోడ తలుపు లోపలివైపు సుద్దతో వ్రాసి వున్నవి. మీ ఇంట్లో ఇటువంటి డిక్రీ ఏదయినా వుంటే, ఈ సాయంత్రమే పెట్టె దింపి ఒకసారి చూడండి.