తెల్లచుక్క చేప: దోమలపై చెరువు చేసే కాపలా

పాండ్యుల రాజచిహ్నం మీనం; మదురై నగరదేవత పేరు మీనాక్షి. ఆ ఖ్యాతికి నోచుకోని వేలెడంత చేప ఒకటి మన ఆరోగ్యానికి ఎంతో మేలు చేస్తున్నది. దానిని శాస్త్రజ్ఞులు అప్లోకీలస్ అంటారు. దక్షిణ భారతదేశపు చెరువులు, కాలువలు, వరిమళ్లు దాని పుట్టినిళ్లు.

తలపై మెరిసే తెల్లని చుక్కే దీని ఆనవాలు. వీపు చదునుగా, నోరు పైకి తిరిగి ఉంటాయి. ఇది నీటి పైపొరను అంటిపెట్టుకొని తిరుగుతుంది. దోమల తోకపురుగులు శ్వాస కొరకు పైకి రాక తప్పదు. వచ్చినవి దీనికి ఆహారమవుతాయి.

దోమల నివారణకై 1928లో గంబూసియా అనే అమెరికా ఖండపు చేపను ఇటలీ నుండి మన దేశానికి తెచ్చారు. అది తోకపురుగులతో పాటు ఇతర చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. పెద్ద చేపల రెక్కలను కొరుకుతుంది. గుడ్లు పెట్టక నేరుగా పిల్లలను కంటుంది కనుక వేగంగా విస్తరిస్తుంది. తెల్లచుక్క చేప మాత్రం నీటిమొక్కలకు గుడ్లను అంటించి పెడుతుంది; అవి పొదగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఒడ్డున మొక్కలు లేకపోతే దాని సంతతి నిలువదు.

ఈ చేప కాపలా చెరువులకు, బావులకే పరిమితం. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఇంటి డ్రమ్ములలో, తొట్లలో, పాత టైర్లలో నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. అవి దోమలుగా మారడానికి వారం పది రోజులు చాలును. అక్కడ కాపలా మనమే కాయవలెను.

మాట్టుతావణి పరిసరాలలో నివసించే తెలుగువారు పాటించదగినవి:

• నీరు పట్టే పాత్రలను వారానికొకసారి ఖాళీ చేసి, లోపలి అంచులను తోమి, ఆరబెట్టి, మూత పెట్టండి. అంచుకు అంటిన గుడ్లు తోమితేనే పోతాయి.
• ఇంట్లో పెంచిన గప్పీ వంటి విదేశీ చేపలను వండియూరు చెరువులో గాని, కాలువలలో గాని వదలకండి.
• చెరువు ఒడ్డున ప్లాస్టిక్ సంచులు, కొబ్బరిచిప్పలు, కప్పులు పడవేయకండి. వానకు వాటిలో నిలిచిన నీరు దోమకు నెలవు. చేప అక్కడికి చేరలేదు.
• జ్వరం వస్తే సొంత వైద్యం చేసుకోక, వెంటనే సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.