మీకు తెలుసా? బోరు నీళ్లంటే గప్పీలకు ఇష్టం!

మన్నెగూడలో బోరు నీళ్లు పట్టిన బకెట్ అంచున తెల్లటి చార కడుతోందా? ఆ సున్నం తొట్టిలో పెంచే గప్పీ, మోలీ చేపలకు మేలే. మెత్తని నీళ్లు కోరేవి నియాన్ టెట్రాలు.

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్కసారి మగచేపతో కలిస్తే చాలు, నెలల తరబడి మళ్లీ మళ్లీ కనగలదు. అయితే తల్లే పిల్లల్ని మింగేస్తుంది! తొట్టిలో నాచు గుబురుగా ఉంటే కొన్నైనా దక్కుతాయి. పొద్దున్నే లైటు వేయగానే ఆ గుబురులోంచి రెండు నల్లని కళ్లు, వెనక గాజులాంటి సన్నటి ఒళ్లు కనబడితే ఇంటిల్లిపాదీ అద్దం దగ్గరే.

అసలు గండం తొట్టి శుభ్రం చేసేటప్పుడే. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఫిల్టర్ స్పాంజీలో కాపురముంటుంది. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ల కింద స్పాంజీని పిండితే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. నీళ్లు తేటగానే ఉంటాయి, చేపలు మాత్రం పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

ఫైటర్ చేప పైకొచ్చి గాలి మింగితే మాత్రం కంగారు వద్దు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనులాగే అదీ నేరుగా గాలి పీల్చగలదు.