కప్పకు బల్బు వేడి వద్దు, తడిమట్టి చాలు

పోయిన డిసెంబర్‌లో పుప్పాలగూడ నుంచి ఒకమ్మ ఫోన్ చేశారు. వారం వారం మన ఆకుకూరలు తీసుకుంటారు. వాళ్ల బాబు వానల్లో సెల్లార్ దగ్గర దొరికిన బోదురుకప్పను గాజు తొట్టెలో పెంచుతున్నాడట. "నాలుగు రోజులైంది, ఏం తినట్లేదు, కదలట్లేదు. చలికేమోనని బల్బు పెట్టాం" అన్నారు.

ముందు ఆ బల్బు తీసెయ్యండమ్మా అన్నాను.

కప్పకు మనలాగా సొంత ఒంటివేడి ఉండదు. బయట చల్లబడితే దాని ఒళ్లు నెమ్మదిస్తుంది, ఆకలి తగ్గుతుంది. అది రోగం కాదు. హీటర్లు పెట్టేది చలిదేశాల్లో, వేడి ప్రాంతాల కప్పల్ని పెంచుకునేవాళ్లు. హైదరాబాద్ చలికి, అదీ ఇంట్లో, ఆ అవసరం లేదు. పైగా కప్ప నీళ్లు నోటితో తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత చర్మం నుంచే. బల్బు కింద ఆ చర్మం ఎండితే ప్రాణం మీదికొస్తుంది.

మన దగ్గర కప్పలకు అసలు గండం ఎండాకాలం. గుంటలు ఎండగానే మట్టిలోకి దిగి, కదలకుండా ఉండిపోతాయి. మట్టిలో దూరే చిన్న గుండ్రటి కప్పల వెనక పాదాల కింద పారలాంటి గట్టి బుడిపె ఉంటుంది, దాంతో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోతాయి. మూత్రాశయంలో దాచుకున్న నీళ్లు, ఒంట్లో కొవ్వు, వీటితోనే తొలకరి దాకా నెట్టుకొస్తాయి.

ఇది తెలిసీ నేనొక తప్పు చేశాను. రెండేళ్ల కింద మే నెలలో గట్టు అంచు దాకా రోటావేటర్ కొట్టించా. రెండు బోదురుకప్పలు తెగిపడ్డాయి. వేసవి దుక్కితో పురుగుల ప్యూపాలు బయటపడతాయని డిప్లొమాలో చదువుకున్నాం, నిజమే. ఆ పురుగుల్ని తినేదీ అదే మట్టిలో పడుకుని ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు గట్టు వెంబడి మూడడుగులు దున్నకుండా వదిలి, ఎండుగడ్డి ఆచ్ఛాదన వేస్తున్నా. ఫారం పాండ్ పక్కన నీడలో ఒక మూల తడి ఆరనివ్వను.

పుప్పాలగూడలో ఆ మూల కూడా మిగలట్లేదు. వాననీళ్లు నిలిచే పల్లాలన్నీ సెల్లార్లయిపోతున్నాయి.

ఇంకో మాట. బోదురుకప్పకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఇంట్లో పెంచుకోకూడదు. కప్పకాళ్ల ఎగుమతిని కూడా 1987లోనే ఆపేశారు. అందుకే ఆ బాబుతో కప్పను దొరికిన చోటికి దగ్గర్లోనే, తోటలో తడి ఆరని మూలన ఆకుల కింద వదిలించాం. మృగశిర కార్తె తొలివానకు మా గట్టు దగ్గర పసుపురంగు తేలిన మగకప్పలు బెకబెకమన్నది వీడియోలో పెట్టాను, చూడండి.