వేట సంచి – రెండు సూదుల కుట్టు

పద్దెనిమిదవ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియా, కెంటకీ అడవులలో తిరిగిన వేటగానికి తుపాకి ఎంత ముఖ్యమో, నడుము ప్రక్కన వ్రేలాడే తోలు సంచి కూడా అంతే ముఖ్యం. ఆనాటి పొడవాటి తుపాకికి నేటి తూటాలు లేవు. మందు పోసి, కొవ్వు పట్టించిన గుడ్డముక్కలో సీసపు గుండును చుట్టి, గొట్టం మూతి నుండి కడ్డీతో దిగగొట్టాలి. ఇందుకు అర నిమిషం పైనే పడుతుంది. ఆ సమయమంతా వేటగాని చూపు మృగం మీద, చేయి సంచిలో.

అందుచేతనే ఆ సంచి చిన్నది. వెడల్పు ఏడెనిమిది అంగుళాలు. కుడి మోచేతికి కొంచెం దిగువన ఉంటుంది. గుండ్లు, చెకుముకి రాళ్లు, గుడ్డముక్కలు, రంధ్రం శుభ్రపరచే సన్నని తీగ అందులోనివే. మందు మాత్రం తడి చొరని ఆవు కొమ్ములో విడిగా ఉండేది. చాలా సంచులు ఇంటిలోనే, ఉన్న తోలుతో కుట్టుకొన్నవి. వాడి వాడి అరిగిపోవడం వలన నేటికి మిగిలినవి తక్కువ.

పదవీ విరమణ తరువాత దొరికిన తీరికలో అటువంటి సంచిని స్వయంగా కుట్టాలని పూనుకొన్నాను. చెట్టు బెరడుతో పదును చేసిన తోలే దీనికి తగినది. అక్కడ ఓక్ బెరడు వాడినట్లే దక్షిణ భారతంలో తంగేడు చెక్క వాడేవారు. ముందు, వెనుక ముక్కలనూ మూతనూ కత్తిరించి, రెండు ముక్కల నడుమ సన్నని తోలుపట్టీ ఉంచి, లోపలి వైపు బయటికి వచ్చేటట్లు కుట్టాలి. పిమ్మట తడిపి తిరగవేస్తే కుట్టు లోపల దాగుతుంది, దారం ఒరుసుకొనదు.

అసలు కష్టం కుట్టులోనే. తేనెమైనం పట్టించిన అవిసె నార దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఒకే రంధ్రం గుండా అవి ఎదురెదురుగా దూరాలి. మిషను కుట్టులో ఒక పోగు తెగితే వరుస విడిపోతుంది. ఇందులో ఒకటి తెగినా మిగిలినవి పట్టి ఉంటాయి.

గట్టిగా ఉండాలన్న అత్యాశతో నా మొదటి సంచికి రంధ్రాలు మరీ దగ్గరగా పొడిచాను. తిరగవేస్తూ ఉండగా పోస్టు బిళ్ల చించినట్లు అంచు పొడవునా తోలు చిరిగిపోయింది! మూడు వారాల శ్రమ. మా కాలనీ గేటు వద్ద చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించాను. “దగ్గర దగ్గరగా పొడిస్తే అది కుట్టు కాదు సార్, కోత” అన్నాడు. తన ఆరె నా చేతికిచ్చి, అంగుళానికి ఏడు రంధ్రాల చొప్పున, ఏటవాలుగా పొడవడం ఒక పూట నేర్పాడు.

రెండవ సంచి నిలిచింది. ఇనుప మేకులు నానిన వెనిగరు పూయగానే బెరడు సారంతో కలిసి తోలు నల్లబడింది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టిన బట్టపై, బెల్లంతో పులిసిన ఇనుప నీరు నల్లని గీత అయ్యేదీ ఈ చర్య వల్లనే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం. కనుక నా వేట సంచిలో ప్రస్తుతం కళ్లజోడు, టేపు, పెన్సిలు ఉన్నాయి. పట్టీ రెండు అంగుళాలు పొడవైందని మా శ్రీమతి అభిప్రాయం. అది మాత్రం ఇంకా సరిచేయలేదు.