డ్రిప్ అయిపోయింది, డ్యూటీ ఎప్పుడు?

విమానాలు 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. అప్పట్నుంచి ఆ చుట్టుపక్కల పెరిగిన ఉద్యోగాల్లో చాలావాటికి పగలూ రాత్రీ తేడా లేదు. చెకిన్ కౌంటరు, కార్గో గోదాము, మరమ్మతు హ్యాంగర్, హోటలు, క్యాబు, అన్నీ షిఫ్టుల మీదే నడుస్తాయి. మల్టిపుల్ స్క్లీరోసిస్, క్లుప్తంగా ఎంఎస్, ఎక్కువగా బయటపడేది కూడా ఇలాంటి షిఫ్టులు చేసే వయసులోనే, 20 నుంచి 40 ఏళ్ల మధ్య. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారుతుంది, లేదా నడుం కింద నుంచి తిమ్మిరెక్కుతుంది. దీన్ని రిలాప్స్ అంటారు. డాక్టరు స్టెరాయిడ్ ఎక్కించాలనగానే ఉద్యోగి అడిగేది ఒకటే: ‘మూడు రోజులయ్యాక డ్యూటీకి వెళ్లొచ్చా సార్?’ మందు లెక్క వేరు, సెలవు లెక్క వేరు. ఈ రెండూ కలిపేయడం దగ్గరే చిక్కంతా మొదలవుతుందని నా వాదన.

స్టెరాయిడ్ ఏం చేస్తుందో, ఏం చేయదో తేలి ముప్పై ఏళ్లు దాటింది. కంటి నరం వాచిన 457 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితాలు 1992లో వచ్చాయి. మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌ను పెద్ద మోతాదులో రక్తనాళంలోకి ఎక్కించినవాళ్లకు చూపు త్వరగా తిరిగొచ్చింది. ఆరు నెలలయ్యేసరికి మాత్రం, మందు లేని ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్ల చూపుకీ వీళ్ల చూపుకీ పెద్ద తేడా లేకపోయింది. అదే పరీక్షలో చిన్న మోతాదు ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే మింగినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. మెడికల్ షాపులో నాలుగు స్టెరాయిడ్ గోలీలు అడిగి తెచ్చుకునే అలవాటున్న చోట ఈ సంగతి గట్టిగా చెప్పాలి. స్టెరాయిడ్ వాపును తొందరగా దించుతుంది, అంతే. పాడైన మైలిన్‌ను అతకదు, తర్వాతి దాడిని ఆపదు. డ్రిప్ అయిపోయినంత మాత్రాన కాళ్లలో బలం తిరిగొచ్చినట్టు కాదు. దానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. తిమ్మిరి కొద్దిగా ఉండి పనికి అడ్డు రాకపోతే అసలు స్టెరాయిడే వద్దనే డాక్టర్లూ ఉంటారు, అది నిర్లక్ష్యం కాదు.

అసలు వచ్చింది రిలాప్సేనా అన్నది ముందు తేలాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం కనీసం 24 గంటలు నిలిస్తేనే ఆ పేరు పెడతారు. ఒళ్లు వేడెక్కితే మైలిన్ దెబ్బతిన్న చోట మిగిలిన పాత మచ్చలే మళ్లీ అల్లరి చేస్తాయి. జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ దీన్ని 1890లోనే గమనించి రాశాడు. మే నెల మధ్యాహ్నం రన్‌వే పక్క కాంక్రీటు మీద సామాన్లు ఎక్కించేవాళ్లకు ఇది మామూలుగా ఎదురయ్యే ముప్పు. నీడలో కూర్చుని చల్లబడితే లక్షణం తగ్గిందంటే అది రిలాప్స్ కాకపోవచ్చు. డ్యూటీ మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లే వీల్లేక నీళ్లు తాగడమే మానేసేవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి అదీ రిలాప్స్‌లాగే కనిపిస్తుంది. దాని మీద స్టెరాయిడ్ పోస్తే ఇన్ఫెక్షన్ ముదురుతుంది. అందుకే ముందు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష. మన దేశంలో క్షయ సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి.

ఇక డ్రిప్. రోజుకు ఒక గ్రాము మందును సెలైన్‌లో కలిపి గంట సేపు ఎక్కిస్తారు, మూడు నుంచి ఐదు రోజులు. నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది, మొహం ఎర్రబడుతుంది, షుగర్ పెరుగుతుంది, రాత్రి నిద్ర పట్టదు. పొద్దున్నే ఎక్కించుకుంటే నిద్ర కాస్త దక్కుతుంది. నైట్ షిఫ్టు దిగి నేరుగా ఆస్పత్రికి వెళ్లి, ఆ రాత్రే మళ్లీ డ్యూటీ ఎక్కితే అది కూడా దక్కదు. అంత మోతాదు మాత్రల్లో తీసుకున్నా ఫలితం డ్రిప్‌కు తీసిపోదని ఫ్రాన్స్‌లో చేసిన అధ్యయనం 2015లో చూపించింది. ఆస్పత్రికి తిరగలేనివాళ్లకు మంచి కబురే. కాకపోతే మన షాపుల్లో దొరికే 16 మిల్లీగ్రాముల మాత్రలతో ఒక గ్రాము కావాలంటే రోజుకు అరవైకి పైగా మింగాలి! డాక్టరు చెప్పకుండా ఆ సాహసం వద్దు. స్టెరాయిడ్ రోజుల్లో ఒంట్లో లేనిపోని హుషారు పుడుతుంది, కోలుకున్నామనిపిస్తుంది. కార్గో బండి నడిపేవాళ్లూ, నిచ్చెనెక్కి విమానం మరమ్మతు చేసేవాళ్లూ ఆ హుషారును నమ్మకూడదు. పైలట్లు, కంట్రోలర్లకైతే వైద్య ధ్రువీకరణ నిబంధనలే అడ్డుపడతాయి. మిగతావాళ్లకు ఆ అడ్డు లేదు, అదే భయం.

‘ఇవన్నీ పర్మినెంట్ ఉద్యోగాలకు చెప్పే మాటలు, కాంట్రాక్టువాడు వారాలు ఇంట్లో ఉంటే ఇంకొకడిని పెట్టుకుంటారు’ అనేవాళ్లున్నారు. నిజమే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎంఎస్‌ను 21 వైకల్యాల్లో చేర్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయరాదన్న సెక్షన్ 20 రక్షణ మాత్రం ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలని సెక్షన్ 21 చెబుతోంది. హెచ్‌ఆర్‌ను ఆ కాగితం అడగవచ్చు. నెల జీతం 21,000 లోపుండి ఈఎస్‌ఐ చందా కట్టినవాళ్లకు ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం అనారోగ్య భత్యంగా వస్తుంది. కాంట్రాక్టరు చందా కడుతున్నాడో లేదో జబ్బు పడకముందే చూసుకోవాలి. ‘జబ్బు పేరు చెబితే చిన్నచూపు చూస్తారు’ అన్న భయమూ ఉంది. పేరు చెప్పనక్కర్లేదు. ‘నరాల సమస్య, నాలుగు వారాలు నైట్ షిఫ్టు, ఎండలో పని వద్దు’ అని డాక్టరు చీటీ రాస్తే సూపర్‌వైజరుకు అంతకంటే అక్కర్లేదు. మూడో రోజుకే వచ్చి నెల తిరగకుండా మళ్లీ సెలవు పెట్టే మనిషి కంటే, ఫలానా తేదీకి వస్తానని చెప్పి వచ్చే మనిషితోనే రోస్టరు వేసేవాడికి సుఖం.

డ్రిప్ ఎక్కుతున్నప్పుడే డాక్టరును అడగాల్సింది ఇంకోటుంది: దాడులు తగ్గించే మందు మొదలుపెట్టాలా, ఉన్నది మార్చాలా? జబ్బు నడకను మార్చేది ఆ మందే. శంషాబాద్ నుంచి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్ శాఖ ఉంది. ఇక్కడ ఎక్కువగా వాడే రిటుక్సిమాబ్‌ను సాధారణంగా ఆర్నెల్లకోసారి ఎక్కిస్తారు. ఆ సెలవును రోస్టరులో ముందే రాయించుకోవచ్చు.