ఈ కూర నాకొద్దు!

పిల్లలూ! కాకరకాయ కూర అనగానే మీలో ఎందరు ముఖం చిట్లిస్తారు? తోటకూర పప్పులో ఆకులన్నీ ఏరి కంచం అంచున పెట్టేవారు ఎందరు? చేతులెత్తమంటే తరగతిలో చాలా చేతులే లేస్తాయి కదూ!

"ఈ పిల్లలకు కూరగాయలంటే గిట్టదు" అని పెద్దలు అంటుంటారు. పేద ఇళ్ళ పిల్లల విషయంలో ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. అన్నం, చారు, బంగాళాదుంప ఉంటే చాలు, మరొకటి ముట్టరని అంటారు. మరి వాళ్ళ నాలుక వేరుగా ఉంటుందా? అసలు ఇష్టాలు, అయిష్టాలు మనకు ఎక్కడినుంచి వస్తాయి?

నాలుక ఒక కాపలాదారు

అప్పుడే పుట్టిన పాపాయి నాలుక మీద తియ్యని చుక్క వేస్తే చప్పరిస్తుంది. చేదు చుక్క వేస్తే ముఖం వికారంగా పెడుతుంది. ఇది ఎవరూ నేర్పింది కాదు. ప్రకృతిలో విషపు మొక్కలు చాలావరకు చేదుగా ఉంటాయి. చేదు తగలగానే ఉమ్మివేయడం మన పూర్వీకుల ప్రాణాలు కాపాడింది. ఆ జాగ్రత్త ఇప్పటికీ మనలో ఉంది. పైగా పెద్దలకంటే పిల్లలకు చేదు బాగా తెలుస్తుంది.

చేదు అందరికీ ఒకేలా తెలియదు కూడా. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో ఒక తెల్లని పొడి గాలిలోకి ఎగిరింది. దాని పేరు ఫినైల్‌థయోకార్బమైడ్. పక్కనున్న సహచరుడు అది చాలా చేదుగా ఉందన్నాడు. ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు! ఈ తేడా తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల వల్ల కలుగుతుందని తరువాత తేలింది. ఆ జన్యువులు డబ్బున్న ఇల్లా, లేని ఇల్లా అని చూడవు.

కాబట్టి పేదపిల్లల నాలుక వేరు కాదు. మరి తేడా ఎక్కడుంది?

తింటూ ఉంటే ఇష్టమవుతుందా?

ఇంటి ముందు కుక్క కొత్తవాళ్ళను చూస్తే మొరుగుతుంది. రోజూ వచ్చే పాలవాణ్ణి చూసి మొరగదు. మన నాలుకా అంతే. వేపాకు గురించి వేమన చెప్పిన పద్యం మీకు వచ్చే ఉంటుంది. ఆ సంగతినే శాస్త్రజ్ఞులు లెక్కపెట్టి చూశారు.

1982లో అమెరికాలో లియాన్ బర్చ్ అనే శాస్త్రజ్ఞురాలు, మరొకరు కలిసి రెండేళ్ళ పిల్లలకు వాళ్ళెప్పుడూ తినని ఆహారాలు రుచి చూపించారు. ఒకదాన్ని రెండుసార్లు, ఇంకొకదాన్ని ఐదుసార్లు, మరొకదాన్ని పదిసార్లు... ఇలా ఇరవైసార్ల దాకా. ఎక్కువసార్లు రుచి చూసినదాన్నే పిల్లలు ఎక్కువగా ఇష్టపడ్డారు! ఒక కొత్త కూర నచ్చడానికి ఎనిమిది, పదిసార్లయినా పట్టవచ్చని ఇటువంటి పరిశోధనలు చెబుతున్నాయి. ఊరికే చూస్తే చాలదు, నోట్లో పెట్టుకోవాలి.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు మనమంతా తింటాం. కాని ఏడాదికి ఒక్కసారి కనిపించే చుట్టంతో నాలుకకు స్నేహం కుదురుతుందా?

ఒక చిన్న లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒక అమ్మ ఇరవై రూపాయలు పెట్టి కాకరకాయలు కొన్నదనుకుందాం. కొడుకు ముట్టలేదు. మళ్ళీ వండింది, మళ్ళీ వదిలేశాడు. పదిసార్లు ప్రయత్నించడానికి ఎంత కావాలి? రెండు వందల రూపాయలు. వదిలేసిన కూరకు బదులు మరొకటి వండాలంటే ఆ ఖర్చు వేరే. డబ్బున్న ఇంట్లో ఇది లెక్కలోకి రాదు. రోజుకూలీ మీద బతికే ఇంట్లో మూడోసారి వండడానికే అమ్మ వెనకాడుతుంది. పిల్లవాడు వదలకుండా తినే బంగాళాదుంపే వండుతుంది. ఆకలితో పడుకోకుండా చూసుకుంటుంది. అది తెలివితక్కువతనం కాదు, లెక్క తెలిసిన పని.

ఇది మన దేశంలోనే కాదు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో కేట్లిన్ డేనియల్ అనే పరిశోధకురాలు పేద, ధనిక కుటుంబాల తల్లిదండ్రులతో మాట్లాడి 2016లో ఇదే విషయం ప్రకటించింది. పిల్లలు తినక పారేయవలసి వస్తుందన్న భయంతో పేద తల్లిదండ్రులు, వాళ్ళకు ముందే నచ్చిన పదార్థాలే కొంటున్నారు.

అంటే, తేడా నాలుకలో లేదు. ఆ నాలుకకు దొరికిన అవకాశాల సంఖ్యలో ఉంది.

ఈ నష్టం చిన్నది కాదు. ఆకుకూరల్లోని బీటా కెరోటిన్‌ను మన శరీరం 'ఎ' విటమిన్‌గా మార్చుకుంటుంది. 'ఎ' విటమిన్ బాగా తగ్గితే రేచీకటి వస్తుంది.

బడి కంచంలో పదిసార్లు

మరి ఆ పది అవకాశాలూ ఎక్కడ దొరుకుతాయి? బడిలో! వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ పథకంలో రోజుకు ఒక్కొక్కరికి 1 నుంచి 5 తరగతుల వాళ్ళకు 50 గ్రాములు, 6 నుంచి 8 తరగతుల వాళ్ళకు 75 గ్రాములు కూరగాయలు ఉండాలి. ఇక్కడ వద్దనుకున్నా అమ్మ డబ్బులు పోవు. మర్నాడు మళ్ళీ ప్రయత్నించవచ్చు.

ఇంకో లాభం ఉంది. 1980లో బర్చ్ చేసిన మరో ప్రయోగంలో, ఒక కూర ఇష్టపడే చిన్నపిల్లను వేరే కూర ఇష్టపడే పిల్లల మధ్య కూర్చోబెట్టి భోజనం పెట్టారు. ఇలా నాలుగు రోజులు గడిచేసరికి చాలామంది తమ ఎంపిక మార్చుకున్నారు! పక్కనున్న నేస్తం తింటుంటే మన కాపలాదారు కూడా మొరగడం మానేస్తాడు.

అయితే ఆ కూర కంచంలోకి రావాలి కదా! సాంబారులో ముక్క వెతికినా దొరకకపోతే నాలుక దేనితో స్నేహం చేస్తుంది?

మీరే చేసి చూడండి

మీకు నచ్చని కూర ఒకటి ఎంచుకోండి. తింటే దద్దుర్లు, దురదలు వచ్చేదాన్ని మాత్రం వద్దు. అది వండినప్పుడల్లా ఒక్క చెంచాడు తినండి. బలవంతంగా కాదు, నెమ్మదిగా. ప్రతిసారీ ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేసి నోటుపుస్తకంలో రాయండి. పదిసార్లయ్యాక గ్రాఫు గీసి, నేస్తాల గ్రాఫులతో పోల్చండి. ఎన్ని గీతలు పైకి వెళ్ళాయో లెక్కపెట్టండి. పైకి వెళ్ళనివాటినీ దాచకండి, అవీ ప్రయోగ ఫలితాలే!