కుక్కకు చాక్లెట్ ఎందుకు పెట్టకూడదు?

చాక్లెట్‌కు మూలమైన కోకో గింజల్లో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మన శరీరం దాన్ని త్వరగానే వదిలించుకుంటుంది. కుక్కకు అది చేతకాదు. ఒంట్లో చేరినదాంట్లో సగం తగ్గడానికే దానికి సుమారు 17 గంటలు పడుతుంది. ఈలోగా గుండె, నరాలు అదుపు తప్పుతాయి. వాంతులు, దప్పిక, గుండెదడ, ఒక్కోసారి మూర్ఛ కూడా. మిల్క్ చాక్లెట్ కంటే చేదుగా ఉండే డార్క్ చాక్లెట్‌తో ముప్పు చాలా ఎక్కువ. కుక్క ఎంత చిన్నదైతే అంత ప్రమాదం.

పొరపాటున తినేస్తే? ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడకండి. ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. లక్షణాలు కనిపించేదాకా ఆగొద్దు. అమ్మకో నాన్నకో చెప్పి, చాక్లెట్ కాగితం పట్టుకుని వెంటనే పశువైద్యుల దగ్గరికి వెళ్లండి. ఏ రకం, ఎంత, ఎప్పుడు తిన్నదన్నదాన్ని బట్టే చికిత్స ఉంటుంది.